ధ్యాన్‌చంద్: ఒత్తిడికి చెదరని మనసు

ఏటా ఆగస్టు 29న మా పాఠశాలలో జాతీయ క్రీడా దినోత్సవం జరుపుకుంటాం. అది హాకీ క్రీడాకారుడు మేజర్ ధ్యాన్‌చంద్ పుట్టినరోజు. ఆయన కొట్టిన గోల్స్ గురించి మేము చిన్నప్పటి నుంచి వింటూనే ఉన్నాం. అయితే గోల్స్ కొట్టడం కన్నా కష్టమైనది ఒకటి ఉంది. పెద్ద పోటీలో, అందరి కళ్లూ తన మీదే ఉన్నప్పుడు కూడా, రోజూ ఆడినట్టే ఆడగలగడం. ప్రాక్టీసులో అందరికన్నా ముందు పరుగెత్తి, పోటీ రోజున కాళ్లు వణికేవాళ్లు ప్రతి పాఠశాలలోనూ ఉంటారు. మరి ధ్యాన్‌చంద్‌కు ఆ నిలకడ ఎలా వచ్చింది?

ఆయన 1905లో అలహాబాద్‌లో జన్మించారు. అసలు పేరు ధ్యాన్‌సింగ్. తండ్రి సైన్యంలో పనిచేసేవారు. తరచూ బదిలీలు కావడంతో ధ్యాన్‌సింగ్ చదువు మధ్యలోనే ఆగిపోయింది. చివరకు ఆ కుటుంబం ఝాన్సీలో స్థిరపడింది. చిన్నతనంలో ఆయనకు హాకీ కంటే కుస్తీ అంటేనే ఇష్టం. 1922లో సిపాయిగా సైన్యంలో చేరిన తర్వాతే హాకీ కర్రను శ్రద్ధగా పట్టారు. సుబేదార్ మేజర్ బాలే తివారీ ఆయన తొలి గురువు.

పగలంతా సైనిక విధులు. ఆ పని ముగిశాక, వెన్నెల వచ్చేదాకా ఆగి, ఆ వెలుగులో బంతితో సాధన చేసేవారట. అందుకే తోటివారు ఆయనను చంద్ అని పిలిచారని, అదే పేరుగా నిలిచిపోయిందని చెబుతారు. ఆ మసక వెలుతురులో కంటికి బంతి సరిగా కనబడదు. దాన్ని కర్ర స్పర్శతోనే పోల్చుకోవాలి. అలా వందలసార్లు చేసిన పని చేతికి అలవాటైపోతుంది. అప్పుడు పోటీలో బంతి గురించి ప్రత్యేకంగా ఆలోచించనక్కరలేదు. మనసు మైదానమంతా చూడటానికి ఖాళీగా ఉంటుంది. ఈ రోజుల్లో పెద్ద జట్లకు మానసిక శిక్షణ ఇచ్చేవారు ప్రత్యేకంగా ఉంటున్నారు. ఆ రోజుల్లో అలాంటివారు లేరు. ఆయనకు ఆ వెన్నెల సాధనే మానసిక శిక్షణ అయింది.

1926లో సైనిక జట్టుతో న్యూజిలాండ్ వెళ్లి ఆడారు. 1928లో ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌కు ఎంపికయ్యారు. భారత హాకీ జట్టుకు అదే తొలి ఒలింపిక్స్. ఫైనల్ నాటికి జట్టులో కొందరు జబ్బుపడ్డారు. ధ్యాన్‌చంద్‌కూ ఒంట్లో బాగాలేదు. అయినా ఆడారు. భారత్ 3-0తో నెదర్లాండ్స్‌ను ఓడించి స్వర్ణం గెలిచింది. ఐదు మ్యాచ్‌లలో ఆయన ఒక్కరే 14 గోల్స్ చేశారు. మన జట్టుపై ఎవరూ ఒక్క గోల్ కూడా చేయలేకపోయారు. 1932లో లాస్ ఏంజిలిస్‌లోనూ స్వర్ణం మనదే. ఈసారి తమ్ముడు రూప్‌సింగ్ కూడా ఆయనతో కలిసి ఆడారు.

1933లో కలకత్తాలో జరిగిన బైటన్ కప్ ఫైనల్‌ను తన జీవితంలోనే గొప్ప మ్యాచ్‌గా ఆయన భావించేవారు. సొంత జట్టు ఝాన్సీ హీరోస్ అందులో ఒకే ఒక్క గోల్‌తో కలకత్తా కస్టమ్స్‌ను ఓడించింది. ఆ గోల్ ఆయన చేసింది కాదు! ఆయన బంతిని అందిస్తే, ఇస్మాయిల్ అనే ఆటగాడు పరుగెత్తి గోల్ చేశారు. భారమంతా తన ఒక్కడి మీదే ఉందనుకునేవాడికి భయం ఎక్కువ. తోటివారిని నమ్మినవాడికి ఆ భారం తగ్గుతుంది.

అసలు పరీక్ష 1936లో బెర్లిన్‌లో ఎదురైంది. అప్పటికి ఆయన జట్టు కెప్టెన్. జూలై 17న జరిగిన సన్నాహక మ్యాచ్‌లో జర్మనీ మన జట్టును 4-1తో ఓడించింది. ఆ రాత్రి జట్టులో ఎవరికీ నిద్రపట్టలేదట. అంటే గొప్ప ఆటగాళ్లకూ దిగులు ఉంటుంది. అయితే వారు ఆ దిగులుతోనే కూర్చోలేదు. జట్టులో లోపం ఎక్కడుందో చూశారు. వెంటనే భారతదేశానికి కబురు పంపి దారా అనే ఆటగాణ్ని విమానంలో రప్పించారు. సెమీఫైనల్ నాటికి ఆయన అందుబాటులోకి వచ్చారు. ఫ్రాన్స్‌పై భారత్ 10-0తో గెలిచింది.

ఫైనల్ ఆగస్టు 14న జరగాలి. వర్షం వల్ల మరునాటికి వాయిదా పడింది. ఎదుట తమను ఇంతకుముందే ఓడించిన జర్మనీ. చుట్టూ ఆ దేశపు ప్రేక్షకులు. ఆటకు ముందు పంకజ్ గుప్తా దుస్తులు మార్చుకునే గదిలో కాంగ్రెస్ త్రివర్ణ పతాకాన్ని బయటకు తీశారు. పరాయి పాలనలో ఉన్న దేశపు ఆటగాళ్లు ఆ జెండాకు వందనం చేసి మైదానంలోకి నడిచారు.

నేల తడిగా ఉంది. కాళ్లు జారుతున్నాయి. సగం ఆట ముగిసేసరికి మనకు ఒక్క గోల్ మాత్రమే ఆధిక్యం. అప్పుడు ధ్యాన్‌చంద్ వానను తిట్టుకోలేదు, పాత ఓటమిని తలచుకోలేదు. స్పైక్ బూట్లు, మేజోళ్లు విప్పేసి, తేలికగా పరుగెత్తేందుకు సిద్ధమయ్యారు. జర్మనీ గోల్‌కీపర్‌తో ఢీకొని ఆయన పన్ను విరిగిందని, అయినా కోపం తెచ్చుకోకుండా తిరిగి వచ్చి ఆడారని కూడా చెబుతారు. చివరకు భారత్ 8-1తో గెలిచింది. ఆ ఒలింపిక్స్‌లో మన జట్టుపై పడిన గోల్ అదొక్కటే. సరిగ్గా పదకొండేళ్లకు, అదే ఆగస్టు 15న, మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది.

సిపాయిగా చేరిన ధ్యాన్‌చంద్ మేజర్ హోదాలో పదవీ విరమణ చేశారు. 1956లో ప్రభుత్వం పద్మభూషణ్‌తో గౌరవించింది. ఆ తర్వాత పాటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో శిక్షకుడిగా పనిచేశారు. 1979 డిసెంబరు 3న ఢిల్లీలో కన్నుమూశారు. ఝాన్సీలో తాను ఆడిన మైదానంలోనే ఆయన అంత్యక్రియలు జరిగాయి.

ఈ జీవితం నుంచి మేము నేర్చుకున్నది ఇది. ధైర్యం పోటీ రోజున ఎక్కడి నుంచో ఊడిపడదు. రోజూ చేసే సాధనలోనే అది కొంచెం కొంచెంగా కూడుతుంది. ఓడినప్పుడు దిగులు పడటం తప్పు కాదు, కానీ మర్నాడు సరిదిద్దుకోవలసిన ఒక్క పనినైనా వెతుక్కోవాలి. ఆట నడుస్తున్నప్పుడు ఫలితం మన చేతిలో ఉండదు. బూట్లు విప్పడం మన చేతిలో ఉంటుంది. రిలేలో బ్యాటన్ అందుకునేటప్పుడైనా, పరీక్ష గదిలో ప్రశ్నపత్రం తెరిచేటప్పుడైనా, ముందు మన చేతిలో ఉన్న పని మీద మనసు పెడదాం.