విల్హెల్మ్ మేబాక్ : ఇంజనును చల్లబఱచిన అనాథ బాలుడు

పూర్వకాలపు మోటారు కారు ఎండవేళ మిట్ట నెక్కుచు, ముందుభాగమునుండి ఆవిరి గ్రక్కుచు దారిలో నిలిచిపోవుట మనలో కొందఱు చూచియే యుందురు. ఆ బండి ముందట తేనెపట్టువలె సన్నని గదులు గల పలక యొకటి యుండును. దానినే రేడియేటరందురు. దానిని కల్పించినవాడు తల్లిదండ్రులు లేక, యొక ధర్మగృహమున పెరిగిన బాలుడు. ఆతని చరిత్రము విద్యార్థులు తెలిసికొనదగినదని తలచి యిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

విల్హెల్మ్ మేబాక్ 1846వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన జర్మనీ దేశమందలి హైల్‌బ్రాన్ పట్టణమున జన్మించెను. తండ్రి వడ్రంగి. బాలునికి పదియేండ్లు వచ్చునప్పటికే తల్లియు తండ్రియు గతించిరి. దిక్కులేని యా పిల్లలను ఆదుకొనుడని మిత్రులు వార్తాపత్రికలో ప్రకటన వేయించిరి. రాయిట్లింగెన్ పట్టణమున గుస్టావ్ వెర్నర్ అను క్రైస్తవ బోధకుడు బీదలకును అనాథలకును ఒక గృహమును నడుపుచుండెను. ఆయన విల్హెల్మును చేర్చుకొనెను. ఆ గృహమున అన్నముతోపాటు పనియు నేర్పుచుండిరి. బాలునికి చిత్రలేఖనమునందును యంత్రములయందును గల నేర్పును వెర్నర్ కనిపెట్టి, యంత్రముల పటములు గీయుపనిలో నుంచి, గణితమును ప్రకృతిశాస్త్రమును చదువుకొనుటకు వీలు కల్పించెను.

ఆ గృహమునకు చెందిన యంత్రశాలకు అధికారిగా గాట్లీబ్ డైమ్లర్ వచ్చెను. 1865లో వారిరువురకు పరిచయమయ్యెను. వయస్సున డైమ్లర్ పండ్రెండేండ్లు పెద్ద. నాటినుండి డైమ్లర్ ఏ యూరికి పోయినను మేబాక్ వెంటనుండెను. 1882లో వారు కాన్‌స్టాట్ చేరి, డైమ్లర్ తోటలోని చిన్న యింటిలో పనిచేసి, అంతకు పూర్వమున్న బరువైన యింజనులకంటె తేలికయై, వడిగా తిరుగు నింజనును నిర్మించిరి. 1885లో దానిని రెండు చక్రముల బండికిని, 1886లో నాలుగు చక్రముల బండికిని అమర్చిరి.

అయితే ఇంజను వడి హెచ్చినకొలది వేడియు హెచ్చెను. సిలిండరులో మండు వాయువు ఒక్కక్షణము 2,000 డిగ్రీల సెంటిగ్రేడుకు మించిన వేడి నొందును. పోత యినుము సుమారు 1,200 డిగ్రీలకే కరగును. ఆ వేడిని ఎప్పటికప్పుడు తొలగింపకున్న నూనె మాడి, పిస్టను బిగిసి, ఇంజను చెడును. కావున సిలిండరు చుట్టును నీటి నుంచిరి. కాని యా నీరును కాగి ఆవిరియై పోవుచుండెను. దారిపొడుగున బావులను వెదకుచు నడచు బండి మనుష్యునికెంత యుపయోగపడును?

ఈ చిక్కును మేబాక్ అంచెలంచెలుగా విడదీసెను. 1889లో పారిస్ ప్రదర్శనమునకు పంపిన బండిలో చట్రపు గొట్టములగుండనే నీటిని ప్రవహింపజేసెను. 1897 నాటికి గొట్టముల రేడియేటరును కల్పించెను. అయినను బండ్లు పెద్ద నీటితొట్టి బరువును మోయుచునే యుండెను.

1900వ సంవత్సరము ఆతనికి దుఃఖముతో నారంభమయ్యెను. మార్చి 6వ తేదీన డైమ్లర్ మరణించెను. ఆ నెలలోనే నీస్ పట్టణము చేరువ కొండదారి పందెములో వారి కార్ఖానా బండి యొకటి ప్రమాదమునకు లోనై నడుపువాడు చనిపోయెను. ఆ బండ్లు పొడవుగా నిలిచి, బరువై యుండుటచే మలుపులలో నిలువలేకుండెను. ఎమిల్ యెల్లినెక్ అను వర్తకుడు పొట్టిగా, వెడల్పుగా, తేలికగా నుండు క్రొత్త బండిని కోరి, దానికి తన కుమార్తె పేరగు మెర్సిడిస్ అను నామ ముంచెను.

మిత్రుడు లేని లోటుతోనే మేబాక్ ఆ బండిని గీసెను. దాని రేడియేటరులో 8,070 చిన్న గొట్టములను ప్రక్కప్రక్కన పేర్చి యతికించెను. ఒక్కొక్కటి 6 మిల్లీమీటర్ల చదరము. గొట్టములలోనుండి గాలి పోవును. వాని నడుమ సన్నని సందులలో నీరు పాఱును. నీరు పలుచని పొరయై గాలికి మిక్కిలి చేరువ యగుటచే త్వరగా చల్లబడును. బండి మెల్లగా పోవునప్పుడు గాలి చాలదని వెనుక నొక పంకా నుంచెను. 9 లీటర్ల నీరే 35 గుఱ్ఱముల బలము గల యింజనుకు చాలెను. 1901 మార్చిలో నీస్ పందెములలో ఆ బండి గెలిచి, మోటారు బండ్ల రూపమునే మార్చెను.

మేబాక్ చేసిన పనిని గ్రహించినవానికి, పాత బండి యేల కాగుచున్నదో కనుగొనుట కష్టము కాదు. వేడి యినుమునుండి నీటికిని, నీటినుండి గాలికిని పోవలెను. ఆ దారిలో నెక్కడ అడ్డు కలిగెనో వరుసగా చూడవలెను. మొదట నీరు తగ్గినదా, గొట్టములు కారుచున్నవా అని చూడుడు. జనసమ్మర్దములో నిలిచినప్పుడు కాగి, పరుగెత్తునప్పుడు చల్లబడినచో పంకాను, దాని బెల్టును శంకింపుడు. వడిగా పోవునప్పుడే కాగినచో నీటిదారి యిఱుకైనదేమో, పంపు సరిగా పనిచేయుచున్నదో లేదో చూడుడు. రేడియేటరులో కొంత మేర వేడిగాను కొంత మేర చల్లగాను ఉన్నచో లోపల ఉప్పునీటి పెంకు కట్టియుండును. వెలుపల గదులలో దుమ్ము, పురుగులు నిండినను ఇదే కీడు కలుగును. ఇవన్నియు సరిగా నున్నచో స్పార్కు ఆలస్యమగుచున్నదా, బ్రేకు పట్టుకొనియున్నదా అని విచారింపవలెను. కాగిన బండి మూతను మాత్రము వెంటనే తీయరాదు. వేడినీరు ఎగజిమ్మి ముఖము కాలును. కారణము వెదకక నీళ్లు మాత్రము పోయుచుండుట జ్వరమునకు మందీయక నుదుట తడిగుడ్డ వేయుటవంటిది.

మేబాక్ కడపటి దినములు సుఖముగా గడువలేదు. కార్ఖానా పెద్దలతో పొసగక 1907లో దానిని విడిచెను. పిమ్మట కుమారుడు కార్ల్‌తో కలిసి కౌంట్ జెప్పెలిన్ ఆకాశనౌకలకు ఇంజనులు నిర్మించు కార్యమున పాల్గొనెను. 1916లో స్టుట్గార్టు శాస్త్రకళాశాల ఆతనికి గౌరవ డాక్టరు బిరుదమిచ్చెను. 1929 డిసెంబరు 29వ తేదీన స్వర్గస్థుడై, కాన్‌స్టాట్ శ్మశానవాటికలో తన మిత్రుడు డైమ్లర్ నిద్రించు చోటనే సమాధి చేయబడెను.

పత్రికలో ప్రకటన చూచి యొక దయాళువు చేరదీయకున్న ఈ బాలుడేమై యుండునో చెప్పజాలము. బీదబాలునికి అన్నముతోపాటు పుస్తకమును పనిముట్టును ఇచ్చుట యెంత గొప్ప దానమో ఈ చరిత్రము తెలుపుచున్నది. ఇకమీదట దారిలో పాత కారు కనబడినప్పుడు, దాని ముందున్న సన్నని గదులను ఒక నిమిషము నిలిచి చూడుడని మా విద్యార్థులను కోరుచున్నాము.