దేవేంద్రనాథ మహర్షి ఋణవిమోచనము

దేవేంద్రనాథ ఠాకూరుగారు 1817 వ సంవత్సరమున కలకత్తాలో జనించిరి. వారు నెలకొల్పిన తత్త్వబోధినీ సభయు, 1843 లో వారు గైకొనిన బ్రాహ్మదీక్షయు మన సమాజమువారికి సుపరిచితములే. కావున వానిని విడిచి, వారి జీవితమునందలి ఋణప్రకరణమును మాత్ర మిచట వ్రాయుచున్నాను. న్యాయస్థానములలో మసలువారి కిది యుపాసనాకథలకంటెఁ దక్కువది కాదు.

తండ్రి ద్వారకానాథుఁడు గొప్ప వర్తకుఁడు. అంతకంటె గొప్ప వ్యయశీలి. 1834 లో ఆయన స్థాపించిన కార్ ఠాకూరు కంపెనీకి నీలిమందు మొదలు బొగ్గువఱకుఁ బెక్కు వ్యాపారము లుండెను. 1840 లో ఆయన కొన్ని జమీందారీలను ట్రస్టు దస్తావేజు మూలమునఁ గుమాళ్లకై వేఱుపఱచెను. కంపెనీ మునిఁగినను ఋణదాతలు వానిని ముట్టఁజాలరు. 1846 లో ఆయన లండనున గతించెను. 1848 ఆరంభమునఁ గంపెనీ దివాలా తీసెను. లెక్క చూడఁగాఁ జెల్లింపవలసినది కోటి రూపాయలు, రావలసినది డెబ్బది లక్షలు.

ఋణదాతల సభలో ట్రస్టు ఆస్తి చట్టమునకుఁ జిక్కదని తెలుపఁబడెను. అయినను మహర్షియు, వారి తమ్ముఁడు గిరీంద్రనాథుఁడును ఆ యాస్తిని గూడ నప్పగింప సిద్ధపడిరి. చట్టము తెఱచియుంచిన ద్వారమును దామై మూసికొనిన ప్రతివాదిని నేను నా వృత్తిలోఁ జూచి యెఱుఁగను. ఋణదాతలు కరఁగి, కుటుంబపోషణకై యేఁటికి 25,000 రూపాయలు విడిచిరి. గుఱ్ఱములును బండ్లును వేలమునకుఁ బోయెను, నౌకరులు తగ్గిరి, భోజనము సామాన్యమయ్యెను.

పెద్ద ఋణ మిట్లు దారికి వచ్చెను. తలవంపు తెచ్చినది మిగిలిన చిల్లర బాకీ. 1854 లో గిరీంద్రనాథుఁడు పోయిన పిమ్మట, మొత్తముతోఁ బోల్చిన స్వల్పమగు సొమ్మునకై యొక ఋణదాత వారంటు తెచ్చి మహర్షిని నిర్బంధింపించెను. కోటి రూపాయల యప్పు చేయని పని యా చిన్న కాగితము చేసెను. ప్రసన్నకుమార ఠాకూరుగారు కలుగఁజేసికొనఁగా వారు విడుదల పొందిరి. చెల్లింపులకుఁ గ్రొత్త యేర్పాటు జరిగెను.

మన యనకాపల్లి బెల్లపు బజారులోఁ బ్రామిసరీ నోటునకు గడువు మూఁడేండ్లని యెల్లరకుఁ దెలియును. ఆ లోపల దావా పడి డిక్రీ యైనచో నది పండ్రెండేండ్లు అమలునకు నిలుచుననియు, వడ్డీయుఁ గోర్టు ఖర్చులును దానివెంట వచ్చుననియు, సమనును జూరులో దోపి వాయిదాకు రానివారికి జప్తునాఁడు గాని తెలియదు. నూఱు రూపాయల బాకీకైనను విధాన మిదియే.

మహర్షి గడువులను లెక్కింపలేదు. నోట్ల బాకీలు తీర్చుటయే కాక, తండ్రి యొక ధర్మసంస్థకు వాగ్దానము చేసి చెల్లింపకపోయిన లక్ష రూపాయలను గూడ వడ్డీతో నిచ్చివేసిరి.