చక్రాల కుర్చీలోని వైద్యురాలు – డాక్టర్ మేరీ వర్గీస్

కాలు విరిగి పిండికట్టు వేయించుకున్నవారిని మీరు చూసే ఉంటారు. కట్టు విప్పిన రోజున ఎముక అతుక్కునే ఉంటుంది. కాని చీలమండ వంగదు. గొంతు కూర్చోవాలన్నా, మెట్లు దిగాలన్నా అవస్థ పడతారు. ఎముక అతికించడం వైద్యంలో సగమే. బిగుసుకున్న కీలు మళ్లీ ఆడేటట్లు చేయడం, రోగి తన పనులు తాను చేసుకునేటట్లు చేయడం మిగిలిన సగం. మన దేశంలో ఈ రెండో సగాన్ని ఒక ప్రత్యేక వైద్యశాఖగా నిలబెట్టినవారిలో డాక్టర్ మేరీ వర్గీస్ ముఖ్యులు. ఈ పాఠంలో ఆమె జీవితం గురించి తెలుసుకుందాం.

మేరీ 1925లో కేరళలోని కొచ్చిన్ ప్రాంతంలో జన్మించారు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చదివి డాక్టరయ్యారు. తమిళనాడులో, చిత్తూరు జిల్లా సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఈ ఊరినే మనవాళ్లు రాయవేలూరు అంటారు. కాట్పాడిలో రైలు దిగి అక్కడి ఆసుపత్రికి వెళ్లే తెలుగువారు ఎందరో! 1900లో ఐడా స్కడర్ అనే వైద్యురాలు ఒకే ఒక్క మంచంతో ప్రారంభించిన ఆసుపత్రి అది. 1918లో ఆమె అక్కడే స్త్రీల కోసం వైద్య పాఠశాల కూడా స్థాపించారు.

మేరీకి స్త్రీల వ్యాధుల వైద్యంలో నిపుణురాలు కావాలని కోరిక. అయితే 1954 జనవరిలో, తోటి డాక్టర్లతో కలిసి వెళ్తుండగా వారి వాహనం ప్రమాదానికి గురైంది. ఆమె వెన్నుపాము దెబ్బతిన్నది. నడుము కింది భాగంలో కదలిక, స్పర్శ రెండూ పోయాయి. అప్పటికి ఆమె వయస్సు 28 ఏళ్లు.

ఇటువంటి రోగికి కాళ్లు ఎలాగూ పనిచేయవు కదా, వాటిని కదిలించి ఏం లాభం అని మీకు అనిపించవచ్చు. కదిలించకపోతే ఏమవుతుందో చూడండి. వెల్లకిలా పడుకున్నప్పుడు పాదం తన బరువుకే ముందుకు వాలుతుంది. పైన కప్పిన దుప్పటి కూడా దాన్ని కిందికే నొక్కుతుంది. కొన్ని వారాలలోనే పిక్క కండరం, మడమ వెనుక తాడులాంటి బంధం కురచబడతాయి. తరువాత కాళ్లకు లోహపు పట్టీలు కట్టి నిలబెడదామన్నా మడమ నేలకు ఆనదు. చక్రాల కుర్చీలో పాదం మెట్టుమీద సరిగా నిలవదు, ఒరుసుకుని పుండ్లు పడతాయి.

అందుకే ఫిజియోథెరపిస్టు రోజూ రోగి మడమను అరచేతిలో పట్టుకుని, తన ముంజేతిని పాదం అడుగున ఆనించి, మోకాలు వంగకుండా పాదాన్ని మెల్లగా పైకి తెస్తారు. కొంతసేపు అలాగే ఆపి వదులుతారు. మళ్లీ చేస్తారు. స్పర్శ లేని కాలికి నొప్పి తెలియదు, కనుక బలం ఉపయోగించకూడదు. తరచు కాలు మెలికపడి చీలమండ నిలకడ తప్పినవారికి వేరొక పద్ధతి ఉంది. వారిలో పక్కనున్న బంధనాలు వదులుగా ఉన్నా, పాదం పైకి వంగడం మాత్రం తగ్గి ఉండవచ్చు. అప్పుడు చీలమండలోని ఎముకను చేతితో వెనక్కి నెట్టుతూ కీలును ఆడిస్తారు. అది శిక్షణ పొందినవారు చేయవలసిన పని, ఊరిలో నరాలు తీసేవారి చేత చేయించుకునేది కాదు.

మేరీ విషయానికి వద్దాం. ఆ రోజులలో వేలూరులో డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల వంకరపోయిన చేతివేళ్లకు శస్త్రచికిత్స చేసేవారు. పనిచేస్తున్న కండరపు బంధాన్ని తీసి, చచ్చుబడిన వేళ్లకు కలపడం ఆ పద్ధతి. రోగి చేయి బల్లమీద ఉంటుంది కనుక ఈ ఆపరేషన్ కూర్చుని చేయవచ్చు. ఈ మార్గాన్ని బ్రాండ్ ఆమెకు చూపించారు. మేరీ చక్రాల కుర్చీలో కూర్చునే సర్జన్‌గా పని మొదలుపెట్టారు. తమకు ఆపరేషన్ చేసే డాక్టరే నడవలేని మనిషి అని తెలిసినప్పుడు ఆ రోగులకు ఎలా ఉండేదో ఊహించండి. సమాజం వెలివేసినవారు వారు.

ఆ పనిలో ఆమె దగ్గర నుండి చూసిన సంగతి ఒకటుంది. శస్త్రచికిత్సకు ముందు బిగిసిన కీళ్లను సాగదీయకపోయినా, తరువాత కండరానికి కొత్త పని నేర్పకపోయినా కత్తి చేసిన మేలు నిలవదు. కుష్ఠువల్ల పాదం వేలాడిపోయినవారికి చేసే ఆపరేషన్‌కు కూడా ఇదే వర్తిస్తుంది.

తన కోసం ఆమె ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి వెళ్లి, ఒకరి సాయం లేకుండా బ్రతకడం నేర్చుకున్నారు. అక్కడితో ఆగలేదు. న్యూయార్క్‌లో హోవర్డ్ రస్క్ నడిపిన సంస్థలో పునరావాస వైద్యం చదివారు. అమెరికాలో స్థిరపడవచ్చు, సౌకర్యాలూ ఎక్కువే. కాని 1963లో వేలూరులో ఆ శాఖకు అధిపతిగా బాధ్యత స్వీకరించారు. 1966లో అక్కడి బాగాయంలో, రోగులు ఉండి శిక్షణ పొందే పునరావాస సంస్థ ప్రారంభమయింది. అటువంటివి అప్పటికి మన దేశంలో చాలా అరుదు.

ఈ వైద్యానికి పెద్ద యంత్రాలకంటె ఓర్పుగల చేతులు ముఖ్యం. పల్లెకు తిరిగివెళ్లిన రోగి దగ్గర రోజూ థెరపిస్టు ఉండడు. అందువల్ల పాదాన్ని ఎలా పట్టుకోవాలో, ఎంతవరకు వంచాలో తల్లికో భార్యకో అన్నదమ్ములకో నేర్పి పంపవలసి ఉంటుంది.

1972లో భారత ప్రభుత్వం మేరీ వర్గీస్‌కు పద్మశ్రీ ఇచ్చింది. 1986 డిసెంబరులో ఆమె మరణించారు. ప్రమాదం జరిగిన తరువాత ఆమె జీవించిన కాలం దాదాపు 33 సంవత్సరాలు.