క్షతగాత్రుల కృతజ్ఞత

అది 1812 నవంబరు మాసాంతము. రష్యానుండి మరలుచున్న నెపోలియను సేనలకు బెరెజినా నదిపై త్వరత్వరగా కట్టిన రెండు వంతెనలే దిక్కయ్యెను. వెనుక శత్రువుల ఫిరంగులు. క్రింద మంచుగడ్డలు తేలు నీరు. ప్రాణభీతిచే వేలకొలది జనులు ఒకరినొకరు త్రొక్కుకొనుచు వంతెనలపై కెగబడుచుండిరి. ఆ త్రొక్కిసలాటలో నలిగిపోవుచున్న యొక వ్యక్తిని సైనికులు గుర్తుపట్టిరి. తోడనే అతనిని పైకెత్తి, ఒకరి చేతినుండి మఱొకరి చేతికందించుచు వంతెనపైకి చేర్చిరి. తమ ప్రాణములకే భద్రత లేని వేళ వారు కాపాడుకొనినది చక్రవర్తిని కాదు, సేనానిని కాదు. తమ శస్త్రవైద్యుడైన డొమినిక్ లారేను.

లారే 1766లో ఫ్రాన్సు దేశమున పిరనీసు పర్వతప్రాంతమందలి యొక పల్లెలో జన్మించెను. బాల్యముననే తండ్రిని గోల్పోయి, తులూజు నగరమున శస్త్రవైద్యుడుగా నుండిన తండ్రి సోదరుని చెంత విద్య నేర్చెను. 1792లో రైను సేనలో చేరెను. నాడు వైద్యశకటములు యుద్ధభూమికి దూరముగా నిలిచి, పోరు ముగిసిన పిదపగాని కదలెడివి కావు. ఆలోపుననే రక్తస్రావమున పెక్కుమంది కన్నుమూయుచుండిరి. లారే తేలికయైన గుఱ్ఱపుబండ్లను నిర్మింపజేసి, పోరు సాగుచుండగనే క్షతగాత్రులను తెప్పించి చికిత్స చేసెను. ఆ బండ్లకు ఎగిరెడు వైద్యశకటములని పేరు వచ్చెను. హోదాను బట్టి కాక గాయము తీవ్రతను బట్టియే చికిత్స జరుగవలెననియు, గాయపడిన శత్రువును రోగియేననియు అతడు నియమము పెట్టుకొనెను.

మత్తుమందు ఎఱుగని దినములవి. 1812లో బొరోడినో యుద్ధమున లారే ఒక్కదినములో దాదాపు 200 మందికి కాలుసేతులు తీసివేయవలసివచ్చెను. అట్టివానిపై రోగులకు ప్రేమ యెట్లు కలిగెను? ఆ కత్తి పట్టిన చేతి వెనుకనున్న హృదయమును వారెఱుగుదురు. 1809లో వియన్నా చెంత లొబావు ద్వీపమున క్షతగాత్రులు ఆకలిచే అలమటించుచుండగా, అతడు అధికారుల గుఱ్ఱములను కోయించి, రౌతుల కవచములే పాత్రలుగా మాంసరసము కాయించి వారిచే త్రాగించెను. అధికారులు కోపించినను లక్ష్యపెట్టలేదు.

1813లో అంతకంటె కఠినమైన పరీక్ష వచ్చెను. బౌట్జెను యుద్ధము పిమ్మట చేతులకు గాయములైన సైనికులు 2,600కు పైగా కనబడిరి. యుద్ధము తప్పించుకొనుటకై తమ్ము తామే కాల్చుకొనిరని వారిపై నేరము మోపబడెను. నెపోలియను ఆగ్రహించెను. లారే ఒక్కొక్క గాయమును పరీక్షించి, తర్ఫీదు చాలని వెనుక వరుసలవారు కాల్చుటచే ముందువారికి గాయములైనవని నిరూపించెను. చక్రవర్తి యభిప్రాయమునకు ఎదురు నిలిచి వారినందఱను నిర్దోషులుగా తేల్చెను. నెపోలియను సైతము ఆ సత్యసంధతకు తలవంచి అతనిని సన్మానించెను. 1821లో మరణించుచు తన వీలునామాలో లక్ష ఫ్రాంకులు వ్రాసియిచ్చెను.

లారే 1842 జులై 25న లియోను నగరమున కన్నుమూసెను. పారిస్‌లో వికలాంగ సైనికుల ఆశ్రయమైన ఆన్వాలీదు ప్రాంగణమున, తాను సేవించినవారి చెంతనే శాశ్వతనిద్ర పొందవలెనని అతడు కోరుకొనెను. నాడు ఆ కోరిక నెరవేరలేదు. 150 ఏండ్లకు, 1992లో, అతని అస్థికలు అచ్చటికి చేరినవి. బెరెజినా యొడ్డున సైనికులు చేతులపై మోసిన మనుష్యుడు తుదకు వారి నడుమకే వచ్చెను. నొప్పి మఱచిపోవచ్చును, నొప్పివేళ ప్రక్కన నిలిచినవానిని మానవుడు మఱువడు.