పాప్ అంటే ఒక మనిషి పేరు

మన గోడపత్రికకి ఈసారి ఒక గొప్పవారి జీవితం రాసి ఇమ్మని మేడమ్ గారు అన్నప్పుడు అందరూ కవుల్నీ, సంస్కర్తల్నీ ఎంచుకున్నారు. నేను ఒక గ్రీకు డాక్టర్ని ఎంచుకున్నాను. కారణం మా పెద్దమ్మ.

పోయిన ఏడాది సంక్రాంతి సెలవుల్లో ఆమెకి తోడుగా హోసూరు నుంచి బెంగుళూరు ఆసుపత్రికి వెళ్ళాను. ముట్లు ఆగిపోయి ఆరేళ్ళయ్యాక మళ్ళీ రక్తం కనబడితే, ఆమె ఎనిమిది నెలలపాటు ఎవరికీ చెప్పలేదు. పెదనాన్నకి కూడా. డాక్టరమ్మ రాసిన పరీక్షల చీటీలో పాప్ స్మియర్ అని ఒకటి ఉంది. పాప్ అంటే నాకు తెలిసింది పాటలే. నర్సక్కని అడిగితే అది ఒక డాక్టరు పేరు అంది. ఆ పేరు వెంటబడి లైబ్రరీలో చదివిందే ఇది.

ఆయన పూర్తి పేరు జార్జి పాపనికొలావ్. 1883లో గ్రీసు దేశంలో, ఎవియా ద్వీపంలోని కీమీ అనే ఊళ్ళో పుట్టాడు. తండ్రి డాక్టరు. కొడుకు కూడా ఏథెన్స్‌లో 1904లో వైద్యం పూర్తి చేశాడు గానీ, ఊళ్ళో ప్రాక్టీసు పెట్టడం కన్నా పరిశోధన మీదే అతనికి ఇష్టం. జర్మనీ వెళ్ళి 1910లో మ్యూనిక్‌లో డాక్టరేటు తీసుకున్నాడు. అదే ఏడాది ఆండ్రోమాకీని పెళ్ళి చేసుకున్నాడు. ఆమెని అందరూ మేరీ అనేవారు. ఈ కథలో ఆమెని గుర్తుపెట్టుకోండి.

1913లో ఇద్దరూ న్యూయార్కులో ఓడ దిగారు. చేతిలో ఉన్నది సుమారు 250 డాలర్లు. ఇద్దరికీ ఇంగ్లీషు రాదు. రెండు పట్టాలున్న ఆ డాక్టరు ఒక పెద్ద దుకాణంలో తివాచీలు అమ్మాడు. మేరీ అక్కడే బొత్తాలు కుట్టింది. మరుసటి ఏడాది అతనికి కార్నెల్ వైద్య కళాశాలలో పని దొరికింది. మేరీ కూడా ఆ ల్యాబులోనే సహాయకురాలిగా చేరింది, జీతం లేకుండా.

అక్కడ అతని పని గినీ పందుల మీద. అండం విడుదలయ్యే సమయానికి సరిగ్గా దాన్ని పట్టుకోవాలి. ఆ సమయం ఎప్పుడో తెలియక ఎన్నో జంతువుల్ని చంపాల్సి వచ్చేది. ఆడజాతికి నెలసరి లాంటి చక్రం ఉన్నప్పుడు, బయటికి రక్తం కనబడకపోయినా లోపల ఏదో గుర్తు ఉండి తీరాలి కదా అని అతనికి తోచింది. ముక్కు లోపల చూడడానికి డాక్టర్లు వాడే చిన్న పరికరంతో యోనిలోని స్రావం కొంచెం తీసి, గాజు పలక మీద పూసి, మైక్రోస్కోపు కింద పెట్టాడు. రోజురోజుకీ కణాల రూపం మారుతోంది! అండాశయం లోపల ఏం జరుగుతోందో ఆ కణాలే చెబుతున్నాయన్నమాట. 1917లో ఆ సంగతి అచ్చయింది.

ఇక మనుషుల్లో చూడాలి. ఎవరు ఒప్పుకుంటారు? మేరీ ఒప్పుకుంది. ఒక రోజు కాదు, ఒక నెల కాదు, ఇరవై ఏళ్ళకి పైగా తన నమూనాలు ఇస్తూ వచ్చింది. ఆరోగ్యంగా ఉన్న ఆడదాని కణాలు నెల పొడుగునా ఎలా మారతాయో అతనికి నేర్పిన పాఠ్యపుస్తకం ఆమే. మంచిది ఎలా ఉంటుందో తెలిస్తేనే కదా చెడ్డది కనిపెట్టగలిగేది.

తరవాత ఆసుపత్రి రోగుల నమూనాలు చూస్తున్నప్పుడు, ఒక స్త్రీ పలకలో వికారంగా ఉన్న కణాలు కనబడ్డాయి. ఆమెకి గర్భాశయ ముఖద్వారంలో క్యాన్సర్ ఉంది. కోత లేకుండా, రాలిపోయిన కణాల్ని చూసి క్యాన్సర్‌ని గుర్తించవచ్చని 1928లో ఒక సభలో చెప్పాడు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. ముక్క కోసి చూసే పద్ధతి ఉండగా ఇదెందుకు అన్నారు. రుమేనియాలో ఆరెల్ బాబెష్ అనే డాక్టరు కూడా దాదాపు అప్పుడే, వేరే పద్ధతిలో ఇదే కనిపెట్టాడు. ఆయన్నీ ఎవరూ వినలేదు.

పదకొండేళ్ళ తరవాత, 1939లో, హెర్బర్ట్ ట్రాట్ అనే స్త్రీల వైద్యుడు తోడయ్యాడు. న్యూయార్క్ ఆసుపత్రిలో స్త్రీల విభాగంలో చేరిన ప్రతి ఒక్కరికీ ఈ పరీక్ష చేశారు. ఏ బాధా లేనివాళ్ళలో కూడా క్యాన్సర్ బయటపడింది. 1941లో వ్యాసం, 1943లో పుస్తకం వచ్చాయి. అసలు మేలు ఇక్కడే ఉంది. ఈ క్యాన్సర్ రాత్రికి రాత్రి రాదు. చాలా ఏళ్ళ ముందే కణాలు కొద్దికొద్దిగా మారతాయి. అప్పుడే పట్టుకుంటే అది క్యాన్సర్ కాకుండానే ఆపవచ్చు. నొప్పి కోసం, రక్తం కోసం ఎదురుచూస్తే ఆ ఏళ్ళన్నీ పోగొట్టుకున్నట్టే.

పాపనికొలావ్ 1962లో పోయాడు. నోబెల్ రాలేదు. గ్రీసు దేశం 1995లో పదివేల డ్రాక్మాల నోటు మీద ఆయన బొమ్మ వేసింది. ఆ బొమ్మలో మేరీ లేదు.

ఆమె గురించి చదువుతున్నప్పుడు పెద్దమ్మే గుర్తుకొచ్చింది. ఎందుకు ముందే రాలేదని డాక్టరమ్మ అడిగితే పెద్దమ్మ తల వంచుకుంది. ఒకావిడ సిగ్గుపడకుండా ఇరవై ఏళ్ళు ఇచ్చినదాని వల్ల పుట్టిన పరీక్షని, ఒక్కసారి చేయించుకోవడానికి మా ఇంట్లో సిగ్గు అడ్డొచ్చింది. తప్పు ఆమెదొక్కదానిదే అనను. ఇంట్లో అలాంటి మాట ఎత్తనివ్వని మా అందరిదీను. కరెంటు పెట్టించుకుని ఇప్పుడు ఇంటి దగ్గరే ఉంది. మూడు నెలలకోసారి వెళ్ళి చూపించుకుంటోంది.

30 దాటిన ఆడవాళ్ళకి ప్రభుత్వాసుపత్రుల్లో ముఖద్వారానికి పల్చటి ఎసిటిక్ ఆమ్లం అద్ది చూసే పరీక్ష ఉంది. కొన్ని నిమిషాల పని. మా అమ్మకి 43. ఉగాది అయ్యాక చూద్దాం అంది. ఉగాది అయిపోయింది. వచ్చే సోమవారం నేనే తీసుకెళ్తున్నాను. ఇది చదివిన మీరు కూడా ఇవాళ ఇంటికెళ్ళి అమ్మని ఒక్క మాట అడగండి.