తోలు చదివిన మనిషి

ఎల్బీ నగర్‌లో బస్సెక్కి నాదర్‌గుల్ దాకా నిలబడే వస్తాం కదా, ఆ బరువు మోసేవి ఒక్కో మోకాలిలో ఉండే రెండు నెలవంక మెత్తలు. పేరు మెనిస్కస్. అందులో 70 శాతం దాకా నీరే. మిగిలినదాంట్లో సింహభాగం కొల్లాజెన్ అనే ప్రొటీన్. దాని నారలు ఎక్కువగా నెలవంక వంపు వెంబడి పరుచుకుని ఉంటాయి. పైనుంచి బరువు పడగానే మెత్త బయటికి జారబోతుంది, నారలు బిగుసుకుని ఆపుతాయి. మెకానికల్ వాళ్ళకి తెలిసిన హూప్ స్ట్రెస్ ఇదే. అందుకే నార వెంబడి లాగితే ఉన్నంత బలం అడ్డంగా లాగితే ఉండదు.

ఈ కొల్లాజెన్ గురించి చదువుతూ పోతే నాకు తగిలిన పేరు యలవర్తి నాయుడమ్మ. పేరు చూసి ఆవిడ అనుకునేరు, ఆయన! మోకాళ్ళ డాక్టరూ కాదు, తోళ్ళ శాస్త్రవేత్త. మెనిస్కస్‌లోనూ పశువు చర్మంలోనూ ముఖ్యంగా ఉండేది ఒకటే, టైప్ 1 కొల్లాజెన్.

1922 సెప్టెంబర్ 10న అప్పటి గుంటూరు జిల్లా యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టారు. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి తోలు రంగంలోకి వచ్చారు. తోలు ముట్టుకున్నవాళ్ళని ఊరవతల ఉంచిన కాలం అది. రైతుబిడ్డ ఏరికోరి ఆ పనిలోకి దిగడం మాటలు కాదు. అమెరికాలో లీహై విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ చేసి, మద్రాసులోని కేంద్ర తోలు పరిశోధన సంస్థలో చేరారు.

అక్కడి కెమిస్ట్రీ భలే ఉంటుంది. పచ్చి తోలు 60 డిగ్రీలు దాటిన వేడినీళ్ళలో ముడుచుకుపోతుంది. తంగేడు చెక్క, కరక్కాయ రసంలో నానబెడితే నారల మధ్య కొత్త బంధాలు ఏర్పడి కుళ్ళకుండా నిలుస్తుంది. క్రోమియం లవణంతో పదును చేస్తే మరిగే నీళ్ళకీ తట్టుకుంటుంది. లందల దగ్గర తరతరాలుగా చేతికి తెలిసిన పనికి ల్యాబ్ కారణం చెప్పిందన్నమాట. 1954లో మద్రాసులోనే జి.ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా కొల్లాజెన్‌ది మూడు పేటల నిర్మాణమని ప్రతిపాదించారు. వాళ్ళకి పరీక్షకు కావాల్సిన కంగారూ తోక స్నాయువు దొరికింది ఈ తోలు సంస్థలోనే.

నాయుడమ్మ గారు 1958లో ఆ సంస్థకి డైరెక్టర్ అయ్యారు. పల్లెల్లో తోలు పని చేసేవాళ్ళకి పరిశోధన ఫలితం అందాలని పట్టుబట్టారు. వాళ్ళ పనికి గౌరవం, చేతికి నాలుగు డబ్బులు ఎక్కువ రావాలన్నదే ఆయన తపన. 1971లో సీఎస్‌ఐఆర్ డైరెక్టర్ జనరల్ అయ్యాక మన కరీంనగర్ జిల్లాని ఎంచుకుని, దేశంలోని ల్యాబుల పరిజ్ఞానాన్ని ఊళ్ళకి చేర్చే పని పెట్టుకున్నారు. ఆ ఏడే పద్మశ్రీ వచ్చింది. తర్వాత కొంతకాలం ఢిల్లీ జేఎన్‌యూకి వైస్ ఛాన్సలర్‌గా ఉన్నారు.

1985 జూన్ 23న కెనడా నుంచి వస్తున్న ఎయిరిండియా కనిష్క విమానం ఐర్లండ్ తీరం దగ్గర బాంబు పేలి కూలిపోయింది. చనిపోయిన 329 మందిలో ఆయనా ఉన్నారు. అప్పటికి 63 కూడా నిండలేదు.

మన ప్రాజెక్ట్ రిపోర్టుల్లో ‘ఉపయోగాలు’ అని ఒక పేజీ ఉంటుంది కదా, సబ్మిషన్ ముందు రాత్రి నాలుగు పాయింట్లతో నింపేస్తాం. నాయుడమ్మ గారు తన జీవితంలో ఎక్కువ భాగం ఆ పేజీకే ఇచ్చారు.