జైలుకెళ్లిన మేధావి.. విడిపించిన ఉత్తరం

కప్పులో పోసిన ద్రవం తనంతట తానే గోడలెక్కి బయటికి జారిపోతే? వింతే మరి. హీలియంను మైనస్ 271 డిగ్రీల దాకా చల్లబరిస్తే అచ్చం ఇలాగే చేస్తుంది. ఎంత సన్నని సందులోంచైనా రాపిడి లేకుండా దూరిపోతుంది. ఇదే సూపర్ ఫ్లూయిడిటీ. దీని గుట్టు విప్పిన లెవ్ లాండౌ జీవితం అంతకన్నా వింత.

1908లో బాకు నగరంలో పుట్టారాయన. పద్నాలుగో ఏటే యూనివర్సిటీలో అడుగుపెట్టారు. కోపెన్‌హాగెన్‌లో నీల్స్ బోర్ దగ్గర పని నేర్చి, 1937లో మాస్కోలో ప్యోత్ర్ కపిత్సా నడిపే సంస్థలో చేరారు.

ఏడాది తిరగకుండానే కష్టాలు. స్టాలిన్‌ను హిట్లర్‌తో పోల్చిన కరపత్రం కేసులో 1938 ఏప్రిల్‌లో అరెస్టయ్యారు. అరెస్టయినవారి పేరెత్తడానికే జనం వణికే రోజులవి. కపిత్సా మాత్రం ఊరుకోలేదు. అదే రోజు స్టాలిన్‌కు ఉత్తరం రాశారు. జవాబు లేదు. హీలియం వింతను తన ప్రయోగశాలలో అప్పటికే కనిపెట్టిన ఆయన, దాన్ని వివరించాలంటే లాండౌ కావాల్సిందేనని ఏడాది తర్వాత మళ్లీ పెద్దలకు రాశారు. తానే పూచీ పడ్డారు. 1939 ఏప్రిల్‌లో లాండౌ బయటపడ్డారు. ఆ నమ్మకం వమ్ము కాలేదు. 1941లో సిద్ధాంతం రానే వచ్చింది. ఒక వేగం దాటనంత వరకు ఆ ద్రవానికి రాపిడి ఉండదని లెక్కగట్టి చూపారు.

1962 జనవరిలో మంచు రోడ్డుపై ఆయన కారును లారీ ఢీకొంది. వారాల తరబడి స్పృహ లేదు. ఆ ఏడాదే నోబెల్ వచ్చింది. స్టాక్‌హోం వెళ్లే ఓపిక లేక మాస్కోలోనే అందుకున్నారు. మళ్లీ పరిశోధన చేయలేకపోయారు. 1968లో కన్నుమూశారు.

ఆయన లెక్కలు మాత్రం బతికే ఉన్నాయి. ఫెర్మీ జాతి అణువులు ఒకే స్థితిలో రెండు ఇమడవు. రెండు రకాలను కలిపి చల్లబరిస్తే ఒక్కో రకం నుంచి ఒకటి చొప్పున జతకడతాయి. అలా జతకట్టిన లిథియం వాయువు రాపిడి లేకుండా ప్రవహిస్తుందని 2005లో అమెరికాలోని ఎంఐటీ శాస్త్రవేత్తలు చూపారు. మూడు నాలుగు రకాలు కలిస్తే ఎవరితో ఎవరు జతకడతారన్నది ఇప్పటి చిక్కుముడి. అక్కడా లాండౌ చెప్పిన వేగం లెక్కే కొలబద్ద. నాడు ఆ ఉత్తరం రాసే ధైర్యం కపిత్సాకు లేకుంటే ఈ లెక్క కటకటాల వెనకే ఉండిపోయేదేమో!